గౌరవ వేతనం

సోహార్‌లో పైసాను బైసా అంటారు.
ఒక్క అక్షరం మెత్తబడితే
దానికి ఎంత బలమొస్తుందో
నెలాఖరున మనీ ఎక్స్ఛేంజ్ కిటికీ దగ్గర చూడాలి.

శుక్రవారం. క్యాంపులో పప్పుచారు మరుగుతోంది.
మస్తాన్ వలీ ఫోన్‌లోంచి తలెత్తి
"ఎమ్మెల్యేలకు జీతాలు పెంచినారంటబ్బా" అన్నాడు.
ఎనిమిది మంచాల గదిలో
ఎనిమిది అసెంబ్లీలు మొదలయ్యాయి.

"ఎంతిస్తే చాలుద్దేటి వాళ్లకి?
బొక్కెనకైతే అడుగుంటాది గానీ" అన్నాడు అప్పలకొండ,
వెల్డింగ్‌కి ఎర్రబడ్డ కళ్లు నులుముకుంటూ.
"అట్లంటే ఎట్ల? కడుపు నిండా పెడితే
కుక్క కూడా పక్కింటి కుండ ముట్టదు."
"పెట్టినోడి కుండే ముడతాదిరా అది!"

నేను మాట్లాడలేదు.
నాది కాటా ఉద్యోగం.
కంకర క్రషర్ గేటు పక్కన ఏసీ డబ్బాలో కూర్చుని
లారీ ఎక్కితే ఒక అంకె, దిగితే ఒక అంకె రాస్తాను.
జీతం నూట ఇరవై రియాళ్లున్నప్పుడు
స్లిప్పు కింద మడిచిన రియాల్ ఒకటి వచ్చేది,
నాలుగు వందల కిలోలు నా కళ్లకు ఆనేవి కావు.
ముదీర్‌కు తెలిసింది.
తిట్టలేదు, ఇంటికి పంపలేదు.
నూట ఎనభై చేశాడు.
"ఇక నీకు అవసరం లేదు కదా" అన్నాడు
వచ్చీరాని హిందీలో, మెల్లగా.

మూడు నెలలు ముట్టలేదు. ఒట్టు.
నాలుగో నెల ముట్టాను.
నూట ఇరవైలో తిన్నదానికి లెక్క చెప్పగలను:
పంటి నొప్పి, గ్యాసు బండ, తమ్ముడి హాల్ టికెట్.
నూట ఎనభైలో తిన్నది దేనికో
ఇప్పటికీ ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు.
రేటు మాత్రం రియాలున్నర చేశాను.
హోదా పెరిగింది కదా.

కింది మంచం మీద రాజనర్సు
బనీను చిరుగు కుట్టుకుంటున్నాడు.
ఐదేళ్లు సర్పంచి.
మోరీ కట్టించాడు, వీధి దీపాలు పెట్టించాడు,
బిల్లులు పైకి పంపాడు.
పైకి పోయినవి పైనే ఉన్నాయి.
మిత్తి మాత్రం ఒక్కరోజూ ఆలస్యం కాకుండా వచ్చింది.
ముందు బర్లు, తర్వాత ట్రాక్టరు,
చివరికి తానే వీసా మీద ఇక్కడికి.
కన్వేయర్ బెల్టు కింద జారిన రాళ్లు ఏరుతాడు.
"సర్పంచ్ సాబ్, ఉప్పందుకో" అంటారు గదిలో.
వెటకారం కాదు,
పూర్తిగా గౌరవమూ కాదు.

"నువ్వు చెప్పన్నా" అన్నారు ఎవరో.
దారం పంటితో తెంపాడు.
"గౌరవ వేతనం అని ఇచ్చేటోళ్లు.
అండ్ల గౌరవమెంత, వేతనమెంతని
ఇడదీసి సూసిన ఒకసారి.
రెండు కలిపినా అచ్చినోళ్లకు చాయ్ పోసుటానికి సాలలే.
తినెటోనికి జీతం పెంచితే తినుడు మానడు, నిజమే.
గని తిననోన్ని ఉత్త చేతులతోని పంపితే
మల్ల నామినేషన్ ఎయ్య ఎవడస్తడు?
తినెటోడే అస్తడు."

ఫ్యాను ఒక్కటే తిరిగింది కాసేపు.
"నువ్వు మళ్లా నిలబడతావా?"
సూదిని దిండు గలీబులో గుచ్చి దాచుకున్నాడు.
"మోరీ బాకీ తీరనియ్యి ముందుగాల."
పప్పుచారు పొంగింది.
సభ వాయిదా పడింది.

పొద్దున కాటా మీద ఇసుక.
రాత్రంతా గాలి మోసుకొచ్చి పోసింది.
బండి ఎక్కకుండానే ముప్పై కిలోలు చూపిస్తుంది.
ఊడ్చి, సున్నా నొక్కి, మొదలుపెట్టాలి.
ఏడాదికోసారి తనిఖీవాళ్లు
ఇనుప గుండ్లు తెచ్చి తూచిపోతారు.
ఆ వారం నాకన్నా నిజాయితీపరుడు
ఈ రేవు మొత్తంలో దొరకడు.
మిగిలిన యాభై ఒక్క వారాలకు
చీపురు ఉంది.

మొదటి లారీ ఎక్కింది.
డ్రైవరు కొత్తవాడు, కిటికీలోంచి స్లిప్పు చాపాడు.
దాని కింద మడత ఉందో లేదో
ఎత్తితే గాని తెలియదు.
అద్దం అవతల, బెల్టు కింద
పచ్చ హెల్మెట్ ఒకటి వంగి రాళ్లు ఏరుతోంది.
తెర మీద అంకె
ఇంకా నిలబడలేదు,
ఊగుతోంది.